గోడ మీది చేతి గీత

మా ఇంట్లో పడకగది గుమ్మం నుంచి బాత్రూం దాకా గోడ మీద ఒక మాసిన గీత ఉండేది. నడుముకు కొంచెం పైన, అరచేయి వెడల్పున, ఎక్కడా తెగకుండా. ఒక దసరాకు ఇంటికి రంగు వేయిస్తుంటే పనికి వచ్చినాయన ఆ గీత చూపించి, "ఇక్కడ జిడ్డు బాగ పట్టింది సార్, గీకి రెండుసార్లు వెయ్యాలె" అన్నాడు. నేను వంటింటి వైపు తిరిగి, "గోడకు చెయ్యి పెట్టకుంట నడువరాదా నీకు?" అని గట్టిగా అరిచాను. నా భార్య జవాబు చెప్పలేదు. రంగు ఆరిన కొన్నాళ్ళకు అదే చోట గీత మళ్ళీ మొదలైంది.

నడవ రాకనే ఆమె గోడ పట్టుకుంటున్నదని ఒప్పుకోవడానికి నాకు ఆ తర్వాత ఇంకా నాలుగేళ్ళు పట్టింది. తెలియక కాదు. ఆమె మొదటి రోజే చెప్పింది. "నేల ఊగుతున్నది" అన్నది. "ఎడ్లబండి దిగినంక గూడ కొంచెంసేపు బండిల ఉన్నట్టే ఉంటది చూడు, అట్ల. గని ఇది ఆగుత లేదు" అన్నది. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు? ఇరవై ఏళ్ళకు పైగా మనుషులు చెప్పే మాటలు రాసుకొని బతుకుతున్న విలేకరిని నేను. ఆ మాట రాసుకోలేదు.

మాది జహీరాబాద్. హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న ఊరు. మూడు భాషలు కలిసే చోటు. కండ్లు తిరుగుతున్నయని తెలుగులో అంటారు, చక్కర్ వస్తున్నదని ఉర్దూలో అంటారు, బీదర్ వైపు నుంచి కోడలై వచ్చినామె తలె సుత్తు అంటుంది. ఈ మూడు భాషల్లోనూ మా ఇంటి చుట్టూ ఆడవాళ్ళు ఆ మాట అంటూనే ఉన్నారు. వినని వాళ్ళలో నేను ఒకణ్ణి. ఒక్కణ్ణే అయి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు, ఇంట్లో ఆమె ముందు ఒప్పుకుంటే సరిపోయేది.

ఆమెకు నొప్పి ఎడమ కణత దగ్గర మొదలయ్యేది. అక్కడి నుంచి కంటి వెనక్కి, మెడ మీదికి పాకేది. పోపు వేస్తే వాంతి. కిటికీలోంచి వెలుతురు పడితే ముఖం దిండులో దాచుకునేది. కిటికీకి చద్దరు కట్టుకొని, తలకు కొంగు బిగించి, పొద్దంతా అట్లాగే పడుకునేది. నొప్పి తగ్గిన రోజు కూడా నేల మాత్రం కుదురుగా ఉండేది కాదు. జాకెట్లు కుట్టేది. సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది, నడుస్తున్న బట్ట వైపు చూస్తే కడుపులో తిప్పేది. మిషను మీద బట్ట కప్పేసింది. కుట్టు కోసం వచ్చేవాళ్ళు తిరిగిపోయారు. పోతూ పోతూ ఒక మాట అనేవాళ్ళు, అది మా ఇంట్లో కూడా అనేవాళ్ళం: నకరాలు.

ఆ మాట ఎంత సులభంగా వస్తుందో చెప్పాలి. జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. బీపీకి అంకె ఉంది, షుగరుకు అంకె ఉంది. ఈ నొప్పికి ఆమె మాట తప్ప ఇంకో సాక్ష్యం లేదు. ఆమె మాట మాకు సాక్ష్యం కాదు. అసలు తప్పు ఇక్కడే జరిగింది. మిగతావన్నీ దాని వెనక వచ్చినవే.

మా అమ్మ పైత్యం అన్నది, నిమ్మకాయ నీళ్ళు తాగించింది. ఆమె తల్లి దిష్టి అని ఉప్పు, మిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు నొప్పి రెండింతలైందని ఆమె నాకు చెప్పింది ఈ మధ్యే. మా అన్న ఫోను చూడటం మానమన్నాడు. నేను నీళ్ళు సరిగ్గా తాగవు, టైముకు తినవు అన్నాను. అందరికీ పెట్టి చివరకు మిగిలింది తినే మనిషికి టైముకు తినవని చెప్పాను. తలనొప్పికి తలగడ మార్చినట్టు అంటారు కదా, అదీ చేశాం. దూది దిండు తీసేసి నురగ దిండు కొన్నాం. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం ఉంది, ప్రతి కారణంలోనూ తప్పు ఆమెదే.

తర్వాత రక్తం తక్కువ అన్నారు. అది ఉత్త మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం తగ్గితే కండ్లు తిరుగుతాయి, నిజమే. ఐరన్ మాత్రలు వేసుకుంది, రక్తం పెరిగింది, నేల ఊగడం ఆగలేదు. అప్పుడైనా ఇంకేదో ఉందని వెతకాలి. మేం వెతకలేదు. రక్తం బాగుంది కాబట్టి రోగం పోయినట్టే అని లెక్క కట్టాం.

ఆఖరుకు తల స్కానింగ్ చేయించాం. రిపోర్టు నార్మల్ వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఇంటికి ఫోను చేసి అందరికీ చెప్పాను. ఆమె బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తున్నదనుకున్నాను. నార్మల్ అన్న ఆ ఒక్క మాటతో ఇక తనను ఎవరూ నమ్మరని ఆమెకు అర్థమైంది. సరిగ్గా అట్లాగే జరిగింది. ఆ రోజు నుంచి "స్కానింగ్‌లనే ఏం లేదన్నరు" అనే మాట మా చేతిలో కర్ర అయింది.

ఆమెకున్నది మైగ్రేన్. అది స్కానింగ్‌లో కనిపించదు. కనిపించకపోవడమే దాని స్వభావం. స్కానింగ్ చేసేది మెదడులో గడ్డ లేదని, రక్తస్రావం లేదని చూసుకోవడానికి. మైగ్రేన్ మెదడు ఆకారంలో లోపం కాదు, అది పనిచేసే తీరులో వచ్చే తేడా. ముఖం నుంచి, మెదడు పొరల నుంచి నొప్పి కబురు మోసే నరం అతిగా స్పందిస్తుంది, వెలుతురు, చప్పుడు, వాసన మామూలుగా లోపలికి రావలసినవి దాడి చేసినట్టు వస్తాయి. నెలలో 15 రోజులు, అంతకు మించి తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు కనిపించి, మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. దాంతోపాటు ఒళ్ళు తూలడం కూడా ఉండవచ్చు. చెవి లోపలి తూకం, కన్ను, మెడ, కాళ్ళు పంపే కబుర్లు ఒకదానితో ఒకటి కలిస్తేనే మనిషి నిలకడగా నిలబడతాడు. ఆ కలిపే చోట తేడా వస్తే కూర్చున్న కుర్చీ కూడా కదులుతుంది. చెవి, తూకం వ్యాధుల నిపుణుల సంఘమైన బారనీ సొసైటీ, తలనొప్పి నిపుణుల అంతర్జాతీయ సంఘంతో కలిసి 2012లో వెస్టిబ్యులర్ మైగ్రేన్‌కు లక్షణాలు నిర్ణయించింది. మూడు నెలలకు పైగా దాదాపు రోజూ ఉండే తూలుడుకు 2017లో వేరే పేరు, వేరే లక్షణాలు రాసింది. అంటే మా ఇంట్లో మేం నకరాలు అంటున్న కాలంలోనే దానికి పేరు ఉంది, చికిత్స ఉంది.

ఆ సంఘానికి పేరు వచ్చిన రాబర్ట్ బారనీ వియన్నాలో చెవి డాక్టరు. చెవిలోకి నీళ్ళు కొట్టి కడుగుతుంటే చాలామంది కండ్లు తిరుగుతున్నాయనేవాళ్ళు. ఒక రోగి మాత్రం, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే తనకు అట్లా అవుతున్నదని, ఇంట్లో వేడి నీళ్ళతో కడుక్కుంటే ఏమీ కావడం లేదని చెప్పాడు. బారనీ ఆ మాటను కొట్టిపారేయలేదు. వేడి నీళ్ళు తెప్పించాడు. అవి మరీ వేడెక్కి ఉన్నాయి, మళ్ళీ తల తిరిగింది, అయితే ఈసారి కనుగుడ్లు ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. చెవి లోపలి తూకాన్ని పరీక్షించే దారి అక్కడ దొరికింది. 1914 నోబెల్ బహుమతి ఆయనకు ఇచ్చారు. అప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. ఆ కథ చదివినప్పటి నుంచి నాకు గుచ్చుకుంటున్నది ఒకటే. ఒక రోగి తన ఒంటి గురించి తాను చెప్పిన మాటను ఆ డాక్టరు పట్టించుకున్నాడు. ఎడ్లబండి మాట నాకు కూడా ఒక మనిషి చెప్పింది.

1914 అంటే మా వృత్తికి కూడా గుర్తుండవలసిన ఏడాది. ఆ ఏప్రిల్ 1న మద్రాసులో ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైంది. అంతకు ముందు 1908 నుంచి బొంబాయిలో వారపత్రిక. దానికి పెట్టుబడి ఎక్కడిది? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం అమ్మకం నుంచి. తలనొప్పికి నుదుటి మీద రాసుకునే మందు. ఆ పసుపు సీసా డబ్బుతోనే 1924లో భారతి వచ్చింది, గ్రంథాలు వచ్చాయి, ఉద్యమానికి సాయం అందింది. తలలు పట్టుకొని కూర్చున్న లక్షల మంది కొన్న మందు మీద తెలుగులో ఒక పెద్ద పత్రిక నిలబడింది. వాళ్ళకు మేం ఎంత బాకీ ఉన్నామో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

ఆలోచించకపోగా ఏం రాశాను? పాత కత్తిరింపుల సంచి విప్పి చూసుకున్నాను. ట్రాఫిక్ పోలీసులకు తలనొప్పి. మున్సిపాలిటీకి తలనొప్పిగా మారిన చెత్త. అభ్యర్థులకు తిరుగుబాటుదారుల తలనొప్పి. నా చేతి రాతతోనే ఎన్ని ఉన్నాయో. నలుగురికి విసుగు పుట్టించే ప్రతి దానికీ ఆ పేరే పెట్టాను. అట్లా రాసి రాసి, చదివి చదివి, ఆ మాటకు రోగం అనే అర్థమే అరిగిపోయింది. తలనొప్పి అంటే విసుగు. తలనొప్పి ఉందని చెప్పే మనిషి అంటే విసిగించే మనిషి. ఒకసారి ఫోనులో స్నేహితుడితో, "ఇంట్ల రోజు ఇదొక తలనొప్పి అయింది" అన్నాను. పక్క గదిలో చద్దరు వెనక ఆమె మేలుకొనే ఉన్నది.

ఇంకొకటి ఉంది, అది చెప్పడం కష్టం. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. 1983 నుంచి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడ పనిచేస్తున్నది. సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. జొన్న, కొర్ర, సామ, కంది, అవిసె కలిపి చేసే పాత సేద్యాన్ని వాళ్ళు బతికించుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వాళ్ళకు వచ్చింది. ఏటా చలికాలంలో పాత పంటల జాతర చేస్తారు, ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు పెట్టుకొని ఊరూరా తిరుగుతారు. నేను ఎన్నోసార్లు పోయాను. ఒక ఏడు ఒక పెద్దామె తలకు గుడ్డ బిగించుకొని బండి నీడలో కండ్లు మూసుకొని కూర్చుంది. నాకు ఫోటో కావాలి. "అమ్మా, జర ఎండలకు రా, ఇక్కడ వెలుతురు లేదు" అన్నాను. ఆమె, "తలకాయ పగులుతున్నది బిడ్డా" అన్నది. అయినా లేచి వచ్చింది, పెద్దమనిషి కదా, అడిగితే కాదనలేకపోయింది. ఎండలో నిలబెట్టి నాలుగైదు ఫోటోలు తీశాను. బండిలో ఎన్ని రకాల విత్తనాలున్నాయో అడిగి రాసుకున్నాను. తల సంగతి అడగలేదు. మర్నాడు ఫోటో పెద్దగా వచ్చింది. అందులో ఆమె కండ్లు చికిలించి ఉన్నాయి. చూసినవాళ్ళు నవ్వుతున్నదన్నారు.

అక్కడికి కొంచెం దూరంలో మాచ్‌నూరులో సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబర్ 15న మొదలైంది. ఊళ్ళలో మాట్లాడనివ్వని ఆడవాళ్ళే మైకు పట్టుకొని తమ పంట, తమ పాట, తమ వైద్యం గురించి తమ యాసలో చెప్పుకున్నారు. ఎదుటి మనిషి మాటను ఎంత ఓపికగా వినాలో మాకు నేర్పగల చోటు అంత దగ్గర ఉంది. దాని గురించి మెచ్చుకుంటూ రాశాను. ఆ వార్త పంపి ఇంటికి వచ్చిన రాత్రి కూడా, "ఇయ్యాల మళ్ళ లేచిందా?" అని గుమ్మంలోనే విసుక్కున్నాను.

మా ఊరి బతుకులో ఈ రోగాన్ని రెచ్చగొట్టేవి ఎన్ని ఉన్నాయో ఇప్పుడు లెక్క పెడుతున్నాను. పూట తప్పిన తిండి, తప్పిన నిద్ర, ఎండ, నెలసరి, గట్టి చప్పుడు, మెరిసే దీపాలు. శుక్రవారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు, శ్రావణమంతా ఒక్కపొద్దులు. ఉపవాసం ఎవరి భక్తి వాళ్ళది. కానీ తల పగులుతున్నప్పుడు ఒక ముద్ద తింటానంటే ఊరుకునే ఇల్లు మాది కాదు. చెరకు కొట్టే కాలంలో ఆడవాళ్ళు తెల్లవారక ముందే పోతారు, నీడ లేని చేలో పొద్దంతా వంగి ఉంటారు. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టెలు ఇంటి ముందు ఆపి గుండె అదిరేలా మోగిస్తారు, మా అన్న కొడుకు పెళ్ళికి మేమూ పెట్టించాం. ఆ రాత్రి ఆమె బాత్రూంలో తలుపేసుకొని చెవుల్లో గుడ్డలు కుక్కుకొని కూర్చుంది. చుట్టాలు అడిగితే, "దానికి మందిల కలువరాదు" అని చెప్పింది మేమే.

సూది మాట కూడా రాయాలి. నొప్పి పెరిగితే మా దగ్గర మొదట పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఒక సూది, ఒక గ్లూకోజు బాటిల్, రెండు రంగుల మాత్రలు. మధ్యాహ్నానికి తగ్గుతుంది, నాలుగో రోజు మళ్ళీ వస్తుంది. తర్వాత సూది కూడా అవసరం లేకుండా మందుల షాపులో మాత్ర పేరు చెప్పి నేనే పట్టీలు పట్టీలు తెచ్చి పెట్టాను. తెచ్చినందుకు మంచి భర్తననుకున్నాను. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ఎర్గటమిన్ కలిసినవి గానీ రెండు మూడు మందులు కలిపినవి గానీ 10 రోజులు, మూడు నెలలు దాటి మింగితే ఆ మాత్రలే తలనొప్పిని రోజువారీ చేస్తాయి. కండ్లు తిరగకుండా ఇచ్చే మాత్రలు కూడా కొద్ది రోజులకే, నెలల తరబడి వేసుకుంటే మెదడు మళ్ళీ తూకం నేర్చుకోవడం మందగిస్తుంది. ఆ మాత్రలు ఆమెకు ఇచ్చిన చేయి నాది. షాపులో ఎవరూ అడగలేదు, ఇంట్లో ఎవరూ అడగలేదు, పత్రికలో నేను ఎన్నడూ రాయలేదు.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదని అంకెలు చెబుతున్నాయి. బెంగళూరులో, చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసిన ఒక సర్వేలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్ళు 25.2 శాతం, అందులో ఆడవాళ్ళు ఎక్కువ. 2019 నాటి ప్రపంచవ్యాప్త రోగభారం లెక్కల్లో, మనుషుల బతుకును కుంటుపరిచే జబ్బుల్లో మైగ్రేన్‌ది రెండో స్థానం, వయసులో ఉన్న ఆడవాళ్ళలో మొదటి స్థానం. నలుగురిలో ఒకరు అంటే మా వీధిలో ఎంతమంది? మా ఆఫీసులో ఎంతమంది? తల నొస్తున్నదంటే "లెక్కలు చెయ్యనీకి సాకు" అని మేం బడికి తోలిన పిల్లల్లో ఎంతమంది? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాల పేర్లున్నాయి, మైగ్రేన్ పేరు వాటిలో లేదు. ఇది కూడా రాయదగ్గ విషయమేనని నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఆమె ఒకరోజు కట్టెల పొయ్యి దగ్గర తూలి పడింది. మోచేయి కాలింది. కాలిన బొబ్బ చూశాక ఇంట్లో అందరం కదిలాం. కంటికి కనిపించే గాయం ఒకటి దొరికింది కదా మాకు. అప్పుడు గానీ సుమారు 100 కిలోమీటర్లు పోయి హైదరాబాద్‌లో నరాల డాక్టరుకు చూపించలేదు.

ఆ డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమన్నది. మధ్యలో నేను అందుకోబోతే చేయెత్తి ఆపింది. ఎడ్లబండి మాట వచ్చినప్పుడు కలం ఆపి, మళ్ళీ చెప్పించుకొని రాసుకున్నది. నొప్పి మాత్రలు తగ్గించమన్నది. రోజూ రాత్రి వేసుకొనే ఒక మందు ఇచ్చింది, ప్రొప్రనొలాల్ లాంటిది, 1960ల నాటిది, ఖరీదైనది కాదు. పని చేస్తున్నదా లేదా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుందని, మొదట్లో నొప్పి పెరగవచ్చని ముందే చెప్పింది. తల తిప్పుతూ చూపు నిలిపే కొన్ని కసరత్తులు నేర్పింది. ఒక నోటుపుస్తకంలో రోజూ రాయమన్నది: నొప్పి ఉందా, ఎంతసేపు, కండ్లు తిరిగాయా, మాత్ర వేసుకుందా, ఏం తిన్నది, ఎన్ని గంటలు నిద్రపోయింది.

ఇప్పుడు పూర్తిగా బాగైందని చెప్పలేను. మిషను మీది బట్ట వారానికి రెండు రోజులు తీస్తున్నది. గోడ గీత ఉంది, కొంచెం పలచబడింది.

మొదటి నెల ఆ పుస్తకం నేనే రాశాను. అక్షరాల వైపు చూస్తే ఆమెకు తిప్పుతున్నది. రాత్రి దీపం తగ్గించి పక్కన కూర్చొని అడిగేవాణ్ణి, ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి. నెలాఖరున కూడితే తలనొప్పి 19 రోజులు, మాత్రలు 17 రోజులు, నేల ఊగింది 30కి 30 రోజులు. నేను అంకెల మీద వేలు పెట్టి, "ఇన్ని రోజులా? నాకు చెప్పకపోతివి" అన్నాను.

"చెప్పిన" అన్నది ఆమె. "రోజు చెప్పిన."